తెలుగులో గణితం నోట్సు: లేటెక్‌తో నా అనుభవం

డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకు కలన గణితం నోట్సు చక్కగా అచ్చువేసి ఇవ్వాలని చాలాకాలంగా నా కోరిక. డీటీపీ సెంటర్‌లో చేయిస్తే తెలుగు అందంగానే వస్తుంది. కానీ అక్కడ వాడే పాత ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ తెలుగు అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కావు కాబట్టి, పిల్లలు ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి వెతికితే ఒక్క మాటా దొరకదు. పైగా మధ్యలో ఒక సమీకరణం చేర్చామంటే తర్వాతి నంబర్లన్నీ దిద్దించుకోవాలి.

అందుకే లేటెక్ (LaTeX) నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఇందులో పాఠాన్ని ఆదేశాలతో సహా రాసిస్తే, కంప్యూటరే దాన్ని పేజీలుగా పేర్చి పీడీఎఫ్ చేస్తుంది; ఆ పనినే కంపైల్ చేయడం అంటారు. 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకం ప్రూఫులు చూసి, అచ్చు నాణ్యత నచ్చక టెక్ (TeX) అనే అక్షరాలు పేర్చే ప్రోగ్రాం మీద పని మొదలుపెట్టారు. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టినదే లేటెక్. లెక్కల వాళ్ల బాధలోంచి పుట్టిన సాధనం కదా, నాకు మొదటి నుంచీ దీని మీద నమ్మకం.

లేటెక్‌ను, దాని అదనపు ప్యాకేజీలను కలిపి ఇచ్చే టెక్‌లైవ్ మొత్తం దించుకోవాలంటే కొన్ని జీబీలు కావాలి. కాబట్టి ముందు బ్రౌజర్‌లోనే నడిచే ఓవర్‌లీఫ్‌తో మొదలుపెట్టాను. రెండు డాలర్ గుర్తుల మధ్య భిన్నం, సమాకలని రాస్తే ముద్రించిన పుస్తకంలో లాగే వచ్చాయి. తెలుగు దగ్గరే అసలు టెన్షన్. కంపైల్ చేయడానికి మామూలుగా వాడే పీడీఎఫ్‌లేటెక్ అనే కంపైలర్ తెలుగు అక్షరం కనబడగానే ఎర్రర్ ఇస్తుంది. మెనూలో కంపైలర్‌ను యూనికోడ్ తెలిసిన జీలేటెక్ (XeLaTeX)‌కు మార్చితే ఎర్రర్లు పోయాయి గానీ, అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీ! దాని సొంత ఫాంట్‌లో తెలుగు లేదు. ఫాంట్లు ఎంచుకోనిచ్చే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ పెట్టి, మెయిన్ ఫాంట్‌గా మండలి అనే తెలుగు ఫాంట్ ఇచ్చి, పక్కన స్క్రిప్ట్ తెలుగు అని తప్పకుండా చెప్పాలి. అది చెప్పకపోతే వత్తులు అక్షరం కింద సరిగ్గా కూర్చోవు. ‘క్ష’, ‘స్త్ర’ సరిగ్గా పడ్డాయో లేదో నేను ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకున్నాను.

వేర్వేరు భాషలకు తగ్గట్టు లేటెక్‌ను సర్దే పాలీగ్లాసియా ప్యాకేజీలో భాష తెలుగు అని పెట్టాక విషయసూచిక, అధ్యాయం వంటి శీర్షికలు వాటంతటవే తెలుగులోకి మారాయి. మార్జిన్ దాటిపోతున్న పొడవైన సమాసాలు కూడా వత్తు చెడకుండా విరిగాయి. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటే వరుసల మధ్య ఎడం పెంచే లైన్‌స్ప్రెడ్ 1.3 చేశాను. మండలిలో బోల్డ్ లేదు, అందుకని శీర్షికలకు నోటో సెరిఫ్ తెలుగు తీసుకున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది నంబర్ల సంగతి. సమీకరణానికి లేబుల్‌గా ఒక పేరు ఇచ్చి, కావలసిన చోట రెఫ్ అని ఆ పేరుతో రాస్తే చాలు, ఎన్ని చేర్చినా నంబర్లు అదే సరిచూసుకుంటుంది. సొంత కంప్యూటర్‌లో అయితే రెండుసార్లు కంపైల్ చేయాలి, మొదటిసారి నంబరు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఈ సెట్టింగులన్నీ ఒక ఫైలులో పెట్టి తోటి లెక్చరర్లకు ఇస్తున్నాను. వాళ్లు దాని కింద నేరుగా పాఠం రాసుకుంటే సరిపోతుంది.