బాలానగర్‌లో బిల్లు పుస్తకాల ముందు

ఈ రోజు మధ్యాహ్నమంతా హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాపులో గడిచింది. ఇరవై ఏళ్లకు పైగా పంపుల షాఫ్టులు, బుష్‌లు తయారుచేస్తున్న యజమాని, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రం కొనడానికి బ్యాంకు అప్పు కోసం ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టమని నన్ను పిలిపించారు. వ్యాపారం ఉన్నచోటే ఉండిపోయిందని, యంత్రం వస్తే తప్ప కదలదని ఆయన నమ్మకం.

రిపోర్టుకు ముందు బిల్లు పుస్తకాలు చూద్దామన్నాను. రావలసిన బాకీలన్నీ తేదీలతో సహా తెల్లకాగితం మీద రాసుకుంటూ పోగా, యంత్రం ధరలో దాదాపు సగం ఇద్దరు కొనుగోలుదారుల దగ్గరే ఆరేడు నెలలుగా ఆగిపోయి ఉందని తేలింది. ఆ సరుకు మీద జీఎస్టీని మాత్రం ఈయన ఏ నెలకు ఆ నెల చేతి డబ్బుతో కట్టేశారు.

"గట్టిగా అడిగితే ఆర్డర్లు పోతాయి సార్" అన్నారు. నెలాఖరుకు పనివాళ్లకు జీతాలివ్వవలసిన మనిషి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అయినా, ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం చెబుతోందని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుందని చెప్పాను. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవాలన్న మాట వినగానే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తగాదా పడకుండా, అవతలి అకౌంటెంటుకు మర్యాదగా గుర్తుచేసే వీలు అందులో ఆయనకు కనిపించింది. ఉద్యమ్ సర్టిఫికెట్ ఆయనకు ఉంది గాని, ఆ నంబరు ఏనాడూ బిల్లు మీద వేయలేదు.

తర్వాత ధరల సంగతి వచ్చింది. షెడ్డు సొంతం కాబట్టి అద్దె, యజమాని కాబట్టి తన జీతం ఆయన ఎన్నడూ లెక్కలో వేయలేదు. అవి కలిపేసరికి, గొప్పగా చెప్పుకున్న బుష్‌ల పని నష్టానికి నడుస్తోందని, చిల్లర పనిగా భావించిన పాత షాఫ్టుల మరమ్మతే ఇల్లు నిలబెడుతోందని అర్థమైంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు.

నేను బయలుదేరేసరికి యంత్రం కొటేషన్ మడిచి సొరుగులో పెట్టి, ఉద్యమ్ నంబరుతో రబ్బరు స్టాంపు చేయించుకురమ్మని కొడుకును పంపుతున్నారు. ఆ ఇద్దరు కొనుగోలుదారుల అకౌంటెంట్లకు పంపే ఉత్తరం ముసాయిదా రేపు పొద్దున్నే రాయాలి.