ఉదయసముద్రం నుంచి ఉదయపురానికి

రాజస్థాన్‌లోని మేవాడు వెళ్ళి మొక్కు తీర్చుకొని వచ్చి నేటికి తొమ్మిది రోజులు. నాథద్వారం నుంచి తెచ్చిన ఠోర్ అనే మిఠాయి ప్రసాదం డబ్బా ఇంకా ఖాళీ కాలేదు. నాయిన ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు, ఆ తెర తీసిన ఘడియను ఒక్కసారి తలచుకోనిదే కళ్ళు మూయడం లేదు. జ్ఞాపకం పచ్చిగా ఉండగానే రాసి పెట్టాలని కూర్చున్నాను.

మాది నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లు. నాయిన ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పారు. మేవాడు పాఠం వచ్చిందంటే నల్లబల్ల మీద కొండలు, కోట, నడుమ చెరువు గీసి, తాను ఒక్కనాడూ చూడని ఊరిని పిల్లలకు కళ్ళకు కట్టేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆయనకు ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. రెండేళ్ళ కిందట వరికోతల సమయంలో, కల్లంలో వడ్లు తూర్పార పడుతుండగా, ఉన్న ఒక్క కంట్లో పొట్టు పడింది. మందుల దుకాణంలో చుక్కల మందు కొని వేసుకొని రెండు మూడు రోజులు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే ముప్పయింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా పుండు పట్టి, వెలుతురు ఉన్నదా లేదా అన్నంత వరకే చూపు మిగిలింది. చివరకు, చనిపోయిన ఎవరో పుణ్యాత్ములు దానం చేసిన కార్నియాను అతికించవలసి వచ్చింది.

ఆసుపత్రికి బయలుదేరే ముందు రోజు రాత్రి, నల్లగొండ బజారులో బట్టల దుకాణం నడిపే మార్వాడీ భాభీ మా ఇంటికి వచ్చింది. వాళ్ళ పిల్లలిద్దరూ నాయిన దగ్గర చదువుకున్నవాళ్ళు. దుకాణంలో గల్లాపెట్టె మీద ఎప్పుడూ ఉండే, ఎడమ చేత గోవర్ధనగిరి ఎత్తిన బాలకృష్ణుడు, నాథద్వారం శ్రీనాథ్‌జీ పటం ముందు పెట్టిన ప్రసాదాన్ని నాయిన చేతిలో పెట్టి, "మాస్టర్‌ సాబ్, నా ఠాకూర్‌జీ చూసుకుంటాడు" అన్నది. మా ఊరి శివుడు ఛాయా సోమేశ్వరుడి నీడలో పుట్టి పెరిగిన నేను, అప్పటిదాకా పటంలో తప్ప ఎరుగని ఆ నల్లని స్వామికి అప్పుడే మొక్కుకున్నాను. చూపు వస్తే తీసుకొచ్చి నీ ఎదుట నిలబెడతానని అన్నాను. చూపు వచ్చింది. పద్నాలుగు నెలల తరువాత, కంటికి దెబ్బ తగలకుండా చూసుకోవాలనే గట్టి షరతు మీద, డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నారు.

రైళ్ళు మారడం, సామాను మోయడం గురించి రాయడానికి ఏమీ లేదు. దారి పొడుగునా వేళ తప్పకుండా చుక్కల మందు వేయడం తప్ప నాకు వేరే ధ్యాస లేదు.

ఉదయపురంలో దిగిన సాయంత్రమే పిఛోలా సరస్సు గట్టున గణగౌర్ ఘాట్ మెట్ల మీద కూర్చున్నాము. నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మన చెరువు కూడా ఉదయుడిదే కదా బిడ్డా" అన్నారు. పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోడులలో ఉదయచోడుడు తవ్వించిన ఉదయసముద్రం మా ఇంటి నుంచి కనబడుతుంది. ఇక్కడ 1559లో ఊరికి పునాది వేసిన మహారాణా ఉదయసింహుడి పేరిట తూర్పు దిక్కున ఉదయ్ సాగర్ ఉన్నది. పిఛోలా మాత్రం ఏ రాజూ తవ్వించినది కాదు, ఊరికంటే రెండు వందల ఏళ్ళ ముందే ధాన్యం బండ్లు తోలే ఒక బంజారా కట్టించినదని చెబుతారు. ఈ సంగతి నాయినకు ఎంతో నచ్చింది. దేవరకొండ తండాల నుంచి తన దగ్గరకు చదువుకోవడానికి వచ్చిన లంబాడా పిల్లలకు ఈ మాట చెప్పి ఉండవలసిందని బాధపడ్డారు.

మరునాడు పొద్దున్నే జగదీశుడి గుడికి వెళ్ళాము. 32 మెట్లు. ఒక్కొక్కటీ నిటారుగా ఉన్నది. నాయిన నా భుజం పట్టుకొని పైకి లెక్క పెడుతూ ఎక్కారు. మహారాణా మొదటి జగత్‌సింహుడు 17వ శతాబ్దం నడుమ కట్టించిన గుడి ఇది. నాలుగు చేతుల విష్ణుమూర్తి నల్లరాతి విగ్రహం, ఎదురుగా చిన్న మండపంలో ఇత్తడి గరుత్మంతుడు. పొద్దున్నే వెళ్ళడం వల్ల తోపులాట లేక కడుపునిండా దర్శనమయింది. బయటి గోడల మీద వరుసలు కట్టిన ఏనుగులను నాయిన దగ్గరగా వెళ్ళి, అద్దాలు ఎత్తి, కొంతసేపు కంటితోనూ కొంతసేపు వేళ్ళతోనూ చూశారు. చూపు లేని ఆరు నెలలు నేర్పిన అలవాటు అది.

అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే రాజమహలు. బడీపోల్ దాటిన తరువాత, త్రిపోలియా ద్వారానికి ముందు, ఎనిమిది పాలరాతి తోరణాలు ఉన్నాయి. రాణాలు తమ బరువుకు సరితూగే బంగారాన్ని, వెండిని తులాదానం చేసిన చోటు అది. ఆ తోరణాల కింద నిలబడి ఒక్క నిమిషం ఆలోచిద్దామంటే ఫోటోల గుంపులు నిలవనివ్వలేదు. ఒకరు తీసుకొని జరిగితే మరొకరు. ఇరుకు మెట్ల మీద, తల వంచి దాటవలసిన గుమ్మాల దగ్గర, చేతిలో ఫోను పెట్టుకొని ఆగిపోయేవారి వల్ల వెనుక వందమంది ఆగవలసి వస్తున్నదన్న ఆలోచన ఎవరికీ లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది. నాయిన కంటికి అడ్డంగా నా అరచేయి పెట్టుకునే నడిపించాను.

మోర్ చౌక్‌లో మాత్రం ఆయన నన్ను ఆపారు. మహారాణా సజ్జన్‌సింహుడి కాలంలో రంగు గాజు ముక్కలతో గోడ మీద పొదిగిన నెమళ్ళు అక్కడ ఉన్నాయి. "ఇది పచ్చ, ఇది నీలం, ఇది పసుపు. అవునా?" అని ఒక్కొక్క ఈకను చూపిస్తూ అడిగారు. అన్నీ సరిగానే చెప్పారు. ఆపరేషన్ తరువాత మొదటి నెలల్లో పచ్చకూ నీలానికీ తేడా తెలియక ఆయన ఎంత దిగులు పడ్డారో నాకు తెలుసు గనుక, ఆ చౌక్‌లో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఇంకా పైన, అమరవిలాసంలో, అంత ఎత్తున చెట్లు నేలలో నాటుకొని ఉన్నాయి. మహలును గుట్ట చుట్టూ కట్టారు గనుక, అందరూ మేడ మీది తోట అనుకునేది నిజానికి గుట్ట కొనేనని నాయిన అక్కడ నిలబడి పాఠం చెప్పినట్టే చెప్పారు. కిందికి చూస్తే సరస్సు నడుమ 18వ శతాబ్దపు జగ్‌నివాస్ తెల్లగా కనిపించింది. ఇప్పుడది హోటలు. దాని వెనుక జగ్‌మందిర్, జహంగీరు మీద తిరగబడిన ఖుర్రంకు, అంటే రేపటి షాజహానుకు, మేవాడు తలదాచుకునే చోటు ఇచ్చిన దీవి. మా పానగల్లులో చోడుల మహళ్ళ ఆనవాలు కూడా లేదు, చెరువు, గుళ్ళు మిగిలాయి. చూస్తూ చూస్తూ ఆ లోటు నాకు మొదటిసారి గుచ్చుకున్నది.

తెల్లవారి ఏకలింగజీ. ఊరి నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. మేవాడుకు అసలు రాజు ఈయనే, రాణా ఆయన దివాను మాత్రమే. నల్లరాతి లింగానికి నాలుగు ముఖాలు: తూర్పున సూర్యుడు, దక్షిణాన రుద్రుడు, పడమట బ్రహ్మ, ఉత్తరాన విష్ణువు. గుడి బయట నాయిన పూల బుట్టలు రెండు కొనమన్నారు. ఒకటి మాది. రెండోది ఎవరిదని అడిగితే, "కన్ను ఇచ్చిన మనిషిది. పేరు తెలియదు, గోత్రం తెలియదు. నాలుగు దిక్కులా చూసేటోనికి తెలియకుండా ఉంటదా?" అన్నారు. రెండు బుట్టలూ వెండి తలుపుల దగ్గర ఇచ్చి వచ్చాము. ఆ రోజు ఆయన మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు.

ఇక నాథద్వారం. గోవర్ధనగిరి నుంచి తరలివస్తున్న స్వామి రథచక్రం సిహాడ్ గ్రామంలో దిగబడిన కథ అందరికీ తెలిసినదే. 1672 నుంచి స్వామి అక్కడే కొలువున్నాడు. ఆ సేవా సంప్రదాయాన్ని నెలకొల్పిన వల్లభాచార్యులు వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు, అక్కడ సేవ నడిపే నేటి గోస్వాములూ ఆ వంశమే. ఈ మాట తలచుకుంటే, ఎక్కడో ఆరావళి కొండల నడుమ కూడా మన ఇంటి గడప తొక్కినట్టే అనిపించింది.

స్వామి అక్కడ చిన్నపిల్లవాడు. ఆయన ఉండేది గుడి కాదు, హవేలీ, అంటే పెద్ద ఇల్లు. నిద్రలేపు నుంచి పవళింపు దాకా రోజుకు ఎనిమిది దర్శనాలు, ఒక్కొక్కటీ కొద్దిసేపే. తలుపు తీసేదాకా వేలమంది ఆ ఇరుకు వాకిళ్ళలో ఆగి ఉంటారు, తీయగానే వరద కట్ట తెగినట్టు లోపలికి పడతారు. మేము వెళ్ళింది మధ్యాహ్న నైవేద్యపు రాజభోగ్ దర్శనానికి. అక్కడ మగవారి వరుస వేరు, ఆడవారి వరుస వేరని నాకు అప్పుడే తెలిసింది. నా గుండె జారిపోయింది. అతికించిన కంటికి ఒక్క మోచేయి తగిలితే చాలు, పద్నాలుగు నెలల కష్టం పోతుంది. వెనక్కి పోదామన్నాను. నాయిన నల్లద్దాలు సరిచేసుకొని, "ఇంతదూరం తెచ్చినోడు లోపలికి తీసుకపోడా?" అని మగవారి వరుసలోకి వెళ్ళిపోయారు.

ఆ తరువాత జరిగింది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. తలుపులు తెరుచుకున్నాయి. వెనుక నుంచి తోసిన తోపుకు నా పాదాలు నేల మీద లేవు. ఎవరి మోచేయో నా పక్కటెముకలకు తగిలింది, ఎవరి గాజో నా చెంప మీద గీసింది. పెద్దవయసు స్త్రీలను కూడా పక్కకు నెట్టి ముందుకు పోయేవారిని చూస్తే, ఈ జనం దేవుడి కోసమే వచ్చారా అనిపించింది. జై శ్రీకృష్ణ అని అరుస్తూనే నెడుతున్నారు. నేను స్వామి వైపు చూడలేదు. మొక్కుకున్నది నేనే, అయినా నా కళ్ళు మగవారి వైపే వెతుకుతున్నాయి. అప్పుడు కనబడింది, ఎర్రని పెద్ద తలపాగా. ఆ తలపాగా మనిషి ఒక్కడే అంత జనంలో స్వామికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వలయంగా చాచి, వచ్చే తోపునంతా తన చేతుల మీద, భుజాల మీద కాచుకుంటున్నాడు. ఆ చేతుల మధ్య, పొలంలో కంచె లోపలి మొక్కలాగా, మా నాయిన. అద్దాలు తీసి చేతిలో పట్టుకొని, మెడ నిక్కించి, ఆ మనిషి భుజం మీదుగా చూస్తున్నారు.

అప్పుడు నేను కూడా అటు తిరిగాను. పైకెత్తిన ఎడమ చేయి, గడ్డం దగ్గర వజ్రపు తళుకు, వెనుక వేలాడే పిఛ్వాయీ బొమ్మల తెర మీద తెల్లని ఆవులు. అంతే. ఎవరో నన్ను పక్కకు లాగేశారు.

బయట మెట్ల దగ్గర వాళ్ళిద్దరూ నాకోసం నిలబడి ఉన్నారు. ఆ మనిషి దగ్గరి పల్లె రైతట. వరుసలోనే నాయిన వచ్చీరాని ఉర్దూలో కంటి సంగతి చెప్పారట. నేను చేతులు జోడించి, మావల్ల మీకు దర్శనం పోయింది కదా అన్నాను. నాకు అర్థమైనంతలో ఆయన చెప్పినది ఇది: "నేను ఎప్పుడైనా వస్తాను. బాబూజీ ఎప్పుడు వస్తాడు?" తలపాగా సర్దుకొని, నాయిన పాదాలు తాకి, జనంలో కలిసిపోయాడు. పేరు అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ ఆ తరువాత గాని రాలేదు. నాయిన జీవితంలో ఇప్పుడు పేరు తెలియనివారు ఇద్దరు.

నల్లగొండలో దిగి, ఇంటికి పోకముందే ప్రసాదం పట్టుకొని భాభీ దుకాణానికి వెళ్ళాము. కొనుగోలుదారులు ఉన్నా ఆమె లేచి ఎదురొచ్చింది. "మాస్టర్ సాబ్, దర్శనం ఎట్లయింది?" అని అడిగింది. నాయిన చెప్పులు విడిచి, దుకాణం నడుమ నిలబడి, మాటల్లేకుండా ఎడమ చేయి పైకెత్తి చూపించారు. భాభీ గల్లాపెట్టె మీది పటం వైపు ఒకసారి, నాయిన వైపు ఒకసారి చూసి, ప్రసాదం పొట్లాన్ని కళ్ళకద్దుకున్నది.