కచేరీకి రాలేని శ్రోతలు

కాకినాడలో కచేరీ అంటే చెవి కోసుకునే మనుషులు డెబ్భై ఐదు దాటాక సభల్లో కనబడటం మానేస్తారు, ఎందుకంటారు? ఇష్టం తగ్గి కాదు. హాలు ముందు మెట్లు, రెండున్నర గంటలు కుర్చీలో నిలవని నడుము, మధ్యలో లేవాల్సొస్తే బాత్రూం ఎంత దూరమో అన్న టెన్షన్. జనం వచ్చే భవనాల్లోకి వీల్‌చైర్ వెళ్ళేలా ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది నిజమే, కానీ ర్యాంపు ఉన్న చోట కూడా దానికి అడ్డంగా స్కూటర్లు పెట్టి ఉంటాయి.

అందుకే మేం కొంతమందిమి కలిసి ఓ వృద్ధాశ్రమంలో వాద్య బృందం కచేరీ పెట్టించాం. రెండు వయొలిన్లు, వేణువు, వీణ, మృదంగం, ఘటం. "పెద్దవాళ్ళకి ఇంత హంగామా ఎందుకండీ, పెన్‌డ్రైవ్‌లో భజనలు పెడితే సరిపోదూ" అన్నారు అక్కడి వ్యవహారాలు చూసే ఒకాయన. నాకు ఒళ్ళు మండింది. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యవృందం మొదలుపెట్టి రవిశంకర్ చేతికిచ్చింది, తర్వాత మన ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు దానికి రచనలు చేసి నడిపించారు. అవన్నీ రేడియోకి చెవి ఆనించి విన్న తరం ఇది, ఏ వయొలిన్ శ్రుతి తప్పిందో మనకంటే ముందు పట్టేస్తారు.

అయితే హాల్లో చేసినట్టే ఇక్కడా చేస్తే కుదరదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది పై స్థాయి, కాబట్టి వయొలిన్ తారస్థాయిలో వేసే సంగతులు కొందరికి సగమే అందుతాయి, వీణ మంద్రం, అంటే కింది స్థాయి, మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే గుమికీలు మాత్రం బాగానే వినిపిస్తాయి. రాగాల ఎంపికలో, ఎవరు ఏ స్థాయిలో వాయించాలన్న దాంట్లో అది చూసుకున్నాం. చెవి మిషన్లు మాటల కోసం చేసినవి, వాటిలోంచి వింటే సంగీతం గీరుకుపోతుంది, కొన్ని ఈల కూడా వేస్తాయి. మ్యూజిక్ సెట్టింగ్ ఉన్నవాటికి అది మార్చిపెట్టాం, లేనివాళ్ళు కొందరు మిషన్ తీసి జేబులో వేసుకుని కళాకారుల దగ్గరికి జరిగారు. పెద్ద స్పీకర్లు అసలు పెట్టలేదు, వీణకొక్కదానికే చిన్న మైకు. కళాకారులు నేల మీద కూర్చుంటే వీల్‌చైర్లలో ఉన్నవాళ్ళకి వేళ్ళు కనబడవని బల్లలు కలిపి జంపఖానా పరిచాం. సాయంత్రం మొదలుపెట్టి ముప్పావుగంటలో ముగించేయాలి, ఏడింటికి భోజనాలు, మందులు.

ముప్పావుగంటలో తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం, ఎక్కడ పడుతుంది, అందుకని తీసేశాం. ముందు వరసలో పక్షవాతంతో కుడిచెయ్యి లేవని ఒక మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారట, మొదటి నుంచీ ఎడమ చేత్తో తొడ మీద ఆది తాళం వేస్తున్నారు, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు. కీర్తన ముగింపుకొస్తోందని పసిగట్టి "ఏం బాబూ, తని ఎగ్గొడుతున్నారా?" అని గట్టిగానే అడిగారు. మృదంగం అబ్బాయి నవ్వి, ఘటం ఆయన వైపు చూసి అందుకున్నాడు. దెబ్బకి మూడేసి లెక్కన సాగే తిశ్ర నడకలోకి వెళ్ళినా మాస్టారి చెయ్యి చెదరలేదు, భోజనాలు మాత్రం ఆలస్యమయ్యాయి, వంటావిడ నన్ను చూసిన చూపు నేను మర్చిపోను.

మంచం దిగలేనివాళ్ళ గదులకి తర్వాత వీణ, ఒక వయొలిన్ తీసుకెళ్ళాం. బొబ్బిలి వీణ, ఏకాండి, అంటే ఒకే పనస దుంగలో తొలిచింది, పట్టుకుని వసారా దాటేసరికి చేతులు లాగేశాయి. ఒక మామ్మగారికి చెవులు దాదాపు పోయాయి. వీణ కుండ మీద చెయ్యి పెట్టనివ్వమని అడిగారు. అరచెయ్యి ఆనించి, మంద్రంలో గమకం లాగుతుంటే కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, "మోహన కదూ" అన్నారు. కాదు, కళ్యాణి. చెప్పబుద్ధి కాలేదు కానీ వీణావిడ ఊరుకోలేదు, చెప్పేసింది. మామ్మగారు "అయితే మళ్ళీ వాయించు" అన్నారు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. కళాకారులందరికీ సభల్లో ఇచ్చేదే ఇచ్చాం, ఆటో ఖర్చులు వేరే. సేవ అని పేరు పెట్టి ఫ్రీగా వాయించమంటే రెండోసారి కుర్రాళ్ళని పంపుతారు, తప్పు వాళ్ళది కాదు. సంగీత సభలు నడిపేవాళ్ళు ఏడాదికి ఒక్క కచేరీ బడ్జెట్ ఇలా తీసిపెడితే చాలు, పైగా హాలు అద్దె ఉండదు. పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన రోజున, ఆయన పంచరత్న కీర్తనలు అక్కడే వాయించాలని ఇప్పటికే అడుగుతున్నారు, ఈసారి భోజనాల టైము ముందే వంటావిడతో మాట్లాడుకోవాలి.