ఇంకో ఏడుపు సీను ఉంది మేడమ్

సీరియల్లో హీరోయిన్ కుమిలి కుమిలి ఏడుస్తుంటే కన్నీళ్ళు ఆ అమ్మాయివి, ఎక్కిళ్ళు నావి. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. పెళ్ళయి హైదరాబాదు వచ్చిన కొత్తలో, యూసుఫ్‌గూడలో ఓ చిన్న డబ్బింగ్ థియేటర్లో గుంపు గొంతుల కోసం మొదటిసారి మైకు ముందు నిలబడ్డాను. పెళ్ళి సందడిలో "వచ్చారు వచ్చారు" అనడం, సంతలో బేరాలాడటం, ఊరంతా కలిసి అరవడం. అక్కణ్ణించి చెల్లెలి పాత్రలు, స్నేహితురాలి పాత్రలు దాటుకుని కథానాయికల దాకా వచ్చాను.

మా పనికి ఇంత గిరాకీ ఎందుకో తెలుగు ప్రేక్షకులకి తెలిసిందే. టీవీలో కథానాయికలు చాలామంది కర్ణాటక నుంచో కేరళ నుంచో వస్తారు. 'కార్తీకదీపం'తో ప్రతి ఇంటి మనిషైపోయిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ. సినిమాలోనూ అంతే. సావిత్రి, భానుమతి, జమున తమ మాటలు తామే చెప్పుకున్న కాలం వేరు. ఆ తర్వాత తెరమీద ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయిపోయింది. 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా చేసిన రోజారమణిగారు పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతిచ్చారు. 'మరోచరిత్ర' సరితగారూ అంతే. నేను వాళ్ళ గొంతులు వింటూ పెరిగాను. ఫలానా సినిమాలో మాట్లాడింది ఎవరో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

నా జబ్బు ఆ గొంతుకే వచ్చింది.

సీరియల్ అంటే వారానికి ఐదారు ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడ్‌లో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు కథ. ఎడిటింగ్ అయ్యీ కాకముందే డబ్బింగుకి వస్తుంది, ఒక్కోసారి రాత్రి చెప్పింది మర్నాడు ప్రసారమైపోతుంది. వెనకటికి ఫిల్మ్ ముక్కని లూప్‌గా తిప్పుతూ, సీన్లో ఉన్న ఆర్టిస్టులంతా ఒకే మైకు చుట్టూ నిలబడి చెప్పేవారట. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి. కష్టమే, కానీ ఎదుటివాళ్ళు చెబుతున్నంతసేపూ మన గొంతుకి కాస్త విరామం. ఇప్పుడు ఎవరి ట్రాకు వాళ్ళది. నేనొక్కదాన్నే వెళ్తాను, నాలుగైదు ఎపిసోడ్లలో నా డైలాగులన్నీ వరసగా చెప్పేస్తాను. అత్తగారితో గొడవైనా, భర్త కాళ్ళమీద పడి బతిమాలినా నాకు జవాబిచ్చే గొంతు ఆ గదిలో ఉండదు. కథలో వారం రోజులకి పంచి రాసిన ఏడుపంతా నా గొంతులో ఒకే పూట పడుతుంది. ఇది బయటివాళ్ళు ఎవరూ ఆలోచించని విషయం. థియేటర్లో పనిచేసేవాళ్ళు కూడా పెద్దగా ఆలోచించరు.

ఆ వారం కథలో భర్త చనిపోతాడు. శవం దగ్గర సీను, గాజులు తీసే సీను, అర్ధరాత్రి కలలో అరిచి లేచే సీను. డైరెక్టరుకి గుండెలు బాదుకునే ఏడుపు కావాలి. ఒక టేకు బాగుందన్నారు, ఇంకో టేకు ఇంకాస్త పైనుంచి కావాలన్నారు. నీళ్ళు తాగుదామని హెడ్‌ఫోన్ తీస్తే ఇంజనీరు తమ్ముడు పాపం నెమ్మదిగా, "ఇంకో ఏడుపు సీను ఉంది మేడమ్" అన్నాడు. ఆ సీనులో అరుపు మధ్యలో గొంతు టక్కున ఆగింది. నొప్పి లేదు. మంట లేదు. శబ్దం రావాల్సిన చోట గాలి వచ్చింది, అంతే. కాసేపటికి తిరిగి వచ్చింది గానీ అది నా గొంతు కాదు, పాత రేడియోలో స్టేషన్ దొరకనప్పటి గరగర.

జలుబనుకున్నారు అందరూ. మిగిలిన సీన్లు ఆ గరగరతోనే పూర్తయ్యాయి, ఏడుపులో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. వారాలు గడిచినా బొంగురు పోలేదు. పొద్దున కాస్త నయంగా ఉండేది, మధ్యాహ్నానికి ముద్దగా అయిపోయేది. పైస్థాయి అసలు అందేది కాదు. పాపని పక్కగదిలోంచి పిలవబోతే పేరులో మొదటి అక్షరం పలికి రెండోది పలికేది కాదు.

ఈ.ఎన్.టి. డాక్టరుగారు స్ట్రోబోస్కోపీ చేశారు. ముక్కులోంచో నోట్లోంచో సన్నటి కెమెరా పంపి, మెరిసి ఆగే వెలుగులో స్వరతంత్రులని చూసే పరీక్ష. ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడుతున్నప్పుడే అవి సెకనుకి దాదాపు 200 సార్లు తగులుకుని విడిపోతుంటాయి. మగవాళ్ళలో సుమారు 120. అంత వేగాన్ని కన్ను పట్టుకోలేదు, ఆ మెరుపుల వెలుగులో మాత్రం నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టినవాటిని నేను చూడటం అదే మొదలు. తెల్లటి పట్టీలు రెండు, కుడివైపు దాని అంచున ఎర్రగా ఉబ్బిన పొక్కు. రెండు పట్టీలూ కలవబోయిన ప్రతిసారీ ఆ పొక్కు అడ్డం పడుతోంది, పక్కనున్న సందులోంచి గాలి పోతోంది. రక్తం గడ్డకట్టిన పాలిప్ అన్నారు. గట్టిగా అరిచినప్పుడు చిన్న రక్తనాళం చిట్లి ఇలా ఏర్పడుతుందట. స్థాయి పెరిగిన కొద్దీ ఆ తాకిడి వేగం పెరుగుతుంది, గట్టిగా అరిచిన కొద్దీ బలం పెరుగుతుంది. అంటే సన్నటి గొంతుతో పైస్థాయిలో ఏడవడం కంటే స్వరతంత్రులకు కష్టమైన పని ఇంకొకటి లేదు. మా కథానాయికలు చేసేదంతా అదే.

డాక్టరుగారు తొందరపెట్టలేదు. ముందు వాచినది తగ్గాలి, గొంతుకి విశ్రాంతి, స్పీచ్ థెరపీ, రాత్రి భోజనం త్వరగా, కాఫీ తగ్గించడం. కడుపులో ఆమ్లం పైకి తన్నినా ఆ పట్టీలు ఒరుసుకుపోతాయట. అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి అన్నం తిని అలాగే నిద్రపోయేవాళ్ళం మేమంతా. వాపు తగ్గింది, పాలిప్ మిగిలింది. ఆపరేషన్ తప్పదన్నారు.

ఆ మాట విన్న రాత్రి నాకు జూలీ ఆండ్రూస్ గుర్తొచ్చారు. 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'లో కొండలమీద పాడిన ఆవిడ. 1997లో స్వరతంత్రులకి ఆపరేషన్ జరిగాక ఆవిడ పాడే గొంతు తిరిగి రాలేదు. నా భయమంతా డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పైన పలచటి పొర, దాని కింద జిగురులాంటి మెత్తటి పొర, అడుగున కండరం. మెత్తటి పొర కదిలితేనే గొంతు. కత్తి ఆ పొరలోకి లోతుగా దిగితే మచ్చ కడుతుంది, మచ్చ కట్టిన చోట కదలిక ఉండదు. అందుకే మైక్రోస్కోపు పెట్టి పైపైనే తీస్తారు. బయట కోత ఉండదు, మత్తిచ్చి నోట్లోంచే చేస్తారు. "మాట వస్తుందమ్మా. ఇదివరకటి గొంతే అచ్చంగా వస్తుందని మాత్రం మాటివ్వను" అన్నారు. ఆ నిజాయితీ వల్లే నేను సంతకం పెట్టగలిగాను.

తీసిన ముక్కని పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరి ముఖంలోనూ రక్తం లేదు.

ఆ తర్వాత మూగనోము. మాట్లాడకూడదు, గుసగుసలాడకూడదు, గొంతు సవరించుకోకూడదు. గుసగుసే నయమనుకుంటాం గానీ, బలవంతపు గుసగుసలో గొంతు కండరాలు మామూలు మాటకంటే ఎక్కువ బిగుసుకోవచ్చని థెరపిస్టు చెప్పింది. పలకా బలపంతో సంసారం నడిచింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, కళ్ళతో చెప్పు, నాకర్థమవుతుంది" అనేవారు. పూటపూటా మిరియాల పాలు, అతిమధురం నీళ్ళు. మింగినవి అన్నవాహికలోకి పోతాయే తప్ప స్వరతంత్రులని తాకనే తాకవని డాక్టరుగారు చెప్పారు, వాటిదాకా చేరేది ఆవిరి. ఆ సంగతి పలకమీద రాసి అత్తయ్యకి చూపించబుద్ధి కాలేదు. నా గొంతు గురించి అంత ఆరాటపడినవాళ్ళు ఆవిడ కాక ఇంకెవరున్నారు?

సాయంత్రం టీవీలో నా సీరియల్ వచ్చేది. అదే ముఖం, గొంతు మాత్రం కొత్తది. ఎవరో అమ్మాయి, చక్కగానే చెబుతోంది. గొంతు మారిందని ఎక్కడా ఒక్క మాట రాలేదు. ముఖం మారితే 'ఇకనుంచి ఈ పాత్రలో' అని తెరమీద పేరు వేస్తారు. మాకు అది లేదు. నెలజీతం లేదు, సిక్ లీవు లేదు, చెప్పిన ఎపిసోడుకే డబ్బు. ప్రసారం ఆగదు కాబట్టి ఒక్క పూటలో మన చోటు నిండిపోతుంది. ఆ అమ్మాయి మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. కడుపులో ఏదో తెగినట్టు మాత్రం అనిపించింది.

2022 అక్టోబరులో సమంత తనకి మయోసైటిస్ అనే కండరాల జబ్బు ఉందని బయటపెట్టినప్పుడు పెట్టిన ఫొటో నేను మరిచిపోలేదు. చేతికి సెలైన్ సూది, ఎదురుగా మైకు. 'యశోద' డబ్బింగ్ అది. 2010లో 'ఏ మాయ చేసావె'లో ఆమెకి గొంతు చిన్మయిది, ఆ గొంతుకి నంది అవార్డు వచ్చింది. అలా మొదలైన నటి, ఒళ్ళు సహకరించని రోజుల్లో కూడా తన మాట తానే చెప్పుకోవాలని కూర్చుంది. ఆ ఫొటో చూసి లోకం ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. నేను మాత్రం ఆ గదిని చూశాను. ఆ చల్లదనం నాకు తెలుసు. ఊపిరి కూడా కొలిచి వదలాల్సిన ఆ నిశ్శబ్దంలో జబ్బు మనిషి కూర్చోవడమంటే ఏమిటో తెలుసు.

మాట మళ్ళీ నేర్చుకోవడం గ్లాసులో నీళ్ళు, అందులో స్ట్రా పెట్టి మొదలైంది. స్ట్రాలోకి 'ఊ' అంటూ ఊదాలి, బుడగలు ఒకే తీరున రావాలి. అలా ఊదినప్పుడు నోటివైపు నుంచి వచ్చే వెనక ఒత్తిడి వల్ల స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కదులుతాయట. తర్వాత పెదవులు మూసి 'మ్' అని కూనిరాగం. ఆ కంపనం గొంతులో కాదు, పెదవుల మీద, ముక్కు దూలం దగ్గర తెలియాలి. మొదటిసారి అక్కడ తెలిసినప్పుడు థెరపిస్టు అమ్మాయి నవ్వింది, నాకు ఏడుపొచ్చింది. ఏడవకూడదని తలూపింది. తర్వాత ఆవలింతలోంచి జారే నిట్టూర్పు, 'మామిడి', 'మమత', 'మల్లెమొగ్గ' లాంటి మాటలు, ఆ తర్వాత వాక్యాలు. రోజూ కొద్ది నిమిషాలే, అలిసిపోకముందే ఆపాలి. ఇన్నేళ్ళ డబ్బింగులో ఊపిరి ఎక్కణ్ణించి తీయాలో ఎవరూ నేర్పలేదు. ఫీల్ ఎలా తేవాలో నేర్పారు, తెరమీద పెదవుల కదలికకి మాట (సింక్) ఎలా కలపాలో నేర్పారు. సంగీతం నేర్చుకునే పిల్లకి మొదటి పాఠంలో చెప్పే సంగతి మాకు జబ్బు చేశాకే అందింది.

మాట వచ్చింది. పైస్థాయి పూర్తిగా రాలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతు ఇక నాది కాదు. దానికోసం చాలా రోజులు దుఃఖపడ్డాను, చనిపోయిన మనిషికోసం పడ్డట్టే. ఇప్పుడున్నది కాస్త కిందికి దిగిన గొంతు, అంచుల్లో కొంచెం గరుకు. అమ్మ పాత్రలు వచ్చాయి, ఒక డాక్టరు పాత్ర వచ్చింది, ప్రకటనలకి వ్యాఖ్యానం వచ్చింది. నాకు ఒక సంగతి మింగుడుపడదు. మన తెరమీద కథానాయిక గొంతు సన్నగానే ఎందుకుండాలి? కలెక్టరుగా కనిపించే పాత్రకి కూడా పాలుగారే గొంతు అడుగుతారు. భానుమతిగారు నిండైన గొంతుతో, అధికారంగా మాట్లాడితే తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకోలేదా? ముప్పై ఐదేళ్ళ ఆడది ముప్పై ఐదేళ్ళ గొంతుతో మాట్లాడితే మా ఆర్టిస్టుల స్వరతంత్రులు సగం బతుకుతాయి. ఈ మాట నేను థియేటర్లలో చెబుతూనే ఉన్నాను. జూలీ ఆండ్రూస్ గురించి రెండోసారి చదివినప్పుడు తెలిసింది, పాట పోయాక కూడా ఆవిడ గొంతుతోనే పనిచేశారని. 'ష్రెక్ 2'లో రాణి మాట ఆవిడదే, 2020లో మొదలైన 'బ్రిడ్జర్టన్'లో కథ చెప్పే గొంతూ ఆవిడదే.

ఇప్పుడు పని ఒప్పుకునేటప్పుడే చెప్పేస్తాను: అరుపులూ ఏడుపులూ పూట చివర్లో పెట్టండి, వాటికి రెండు టేకులే, మధ్యలో విరామం కావాలి. కొందరు సరేనన్నారు. ఒకరు పిలవడం మానేశారు. నీళ్ళ సీసా, స్ట్రా నా సంచీలోనే ఉంటాయి. షిఫ్టు మొదలయ్యేముందు బుడగలు ఊదుతుంటే కుర్ర అసిస్టెంట్లు వింతగా చూసేవారు, ఈమధ్య ఒకమ్మాయి వచ్చి తనకీ నేర్పమంది.

నా సీరియల్ తీసుకున్న ఆ అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. "అక్కా, మూడు నాలుగు వారాలైంది, బొంగురు తగ్గట్లేదు, పైకి పలకట్లేదు" అంది. జలుబు లేకుండా అన్నాళ్ళు ఉంటే స్వరతంత్రులు చూపించుకుని తీరాలని చెప్పాను. సీరియల్ పోతుందేమోనని భయపడింది. ఆ భయం నాకు తెలుసు, కొట్టిపారేయలేదు. తను వెళ్ళిన వారం ఏడుపు లేని సీన్లు ముందుకు తెచ్చేలా డైరెక్టరుతో నేనే మాట్లాడాను. పరీక్షకి తోడు వెళ్ళాను. స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ అనే చిన్న బుడిపెలు, ఇంకా మెత్తగానే ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు, థెరపీతో తగ్గుతాయన్నారు. మంగళ, శుక్రవారాలు వెళ్తోంది.