నిమ్మకాయ ఎవరి చేతిలో ఉంటే వారిదే దారి

ఒహాయోలో మా ఇంటి నేలమాళిగలో నేను కట్టిన గుంటూరును పీకేయాలన్న మాట అసలు గుంటూరులోనే పుట్టింది. బ్రాడీపేటలో నాన్న ఇంటి వరండాలో, మే నెల సాయంత్రం, కరెంటు పోయిన అరగంటలో.

ముందు ఆ నేలమాళిగ సంగతి చెప్పాలి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ బల్ల మీద పదకొండేళ్ళ పాటు ఒక నమూనా రైల్వే కట్టాను. అసలు రైలును 87వ వంతుకు కుదించే హెచ్.ఓ. స్కేలు. గుంటూరు స్టేషను, పాత శంకర్ విలాస్ వంతెన, మిర్చి యార్డు, వాటి చుట్టూ గుండ్రంగా తిరిగి వచ్చే పట్టాలు. మిర్చి కుప్పల కోసం రంపపు పొట్టుకు ఎర్ర రంగు పట్టించి, ఆరబెట్టి, చిన్న పట్టకారుతో చిటికెడు చిటికెడు పోశాను. పిల్లలు పుట్టిన ఊరికీ నేను పుట్టిన ఊరికీ మధ్య ఉన్న దూరం ఆ బల్ల తీరుస్తుందని నమ్మాను. అబ్బాయికి ఇప్పుడు పన్నెండు, అమ్మాయికి ఎనిమిది. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. బల్లను నా కంటికి సరిపడే ఎత్తులో కట్టాను కాబట్టి అమ్మాయి పీట ఎక్కితే తప్ప ఏమీ కనిపించేది కాదు. ఎక్కినా, "ముట్టుకోకమ్మా" అనేవాణ్ణి.

ఆ సాయంత్రం బల్ల మీద రైలు తిరుగుతున్న వీడియోను నాన్నకు ఫోనులో చూపించాను. ఆయన గుంటూరు–గుంతకల్లు లైనులో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చివరిదాకా చూశారు.

"బాగుందిరా. ఈ బండి ఏ ఊరు వెళ్తుంది?"

"తిరిగి గుంటూరే వస్తుంది నాన్నా."

"ఎదురు బండి రాదా?"

"రాదు."

"మరి స్టేషన్ మాస్టరుకు పనేముంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన వంటింట్లోకి వెళ్ళి ఒక నిమ్మకాయ తెచ్చారు. వరండాకు ఈ చివర అబ్బాయిని, ఆ చివర అమ్మాయిని నిలబెట్టారు. "ఇది ఒకటే లైను. రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే గుద్దుకుంటాయి. అందుకని రెండు స్టేషన్లలోనూ ఒక్కో మిషను ఉండేది. ఒకదానికొకటి కరెంటు తీగతో కలిపి ఉండేవి. అవతలి స్టేషను ఒప్పుకుంటేనే ఇవతలి మిషను లోంచి బంతి బయటికి వస్తుంది. ఒక బంతి బయటికి వచ్చాక, అది మళ్ళీ ఏదో ఒక మిషనులో పడేవరకు రెండోది రాదు. ఆ బంతి చేతిలో ఉన్న డ్రైవరుకే దారి." సంచీలో బంతి పెట్టి, బెత్తపు రింగుకు కట్టి, పరుగెత్తే ఇంజనులోని మనిషికి అందించడం కూడా చేసి చూపించారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నాలుగు అడుగులు పరుగెత్తారు.

కరెంటు వచ్చింది. పిల్లలు ఆపలేదు. రాత్రి భోజనాల వేళకు ఆ నిమ్మకాయ మెత్తబడిపోయింది.

పడుకునే ముందు అబ్బాయి అడిగాడు, సగం తెలుగులో: కింద ఉన్నది తీసేసి, ఇలాంటిది చేద్దామా?

నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ళ పని. వాడికి గుంటూరు అక్కర్లేదేమో అన్న భయం ఆ కోపం వెనక ఉంది. మేడ మీద మంచం వేసుకున్న నాన్నతో ఆ మాటే అన్నాను. ఆయన తమ లైను సంగతి గుర్తు చేశారు. అది మొదట మీటరు గేజి, అంటే పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే. 1990లలో ఇంకా వెడల్పైన బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు నల్లమల అడవిలో దొరబావి వంతెనను వదిలేసి, లైనును వేరే దారిన వేశారు. అంత పెద్ద వంతెన మీద ఇక బండి నడవలేదు. "వంతెన మీద ప్రేమ లేక కాదురా. బండి పెద్దదైంది," అన్నారు.

తిరిగి వచ్చాక మరో విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. మన బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు లెక్కన నా బల్ల మీద పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. దుకాణంలో దొరికే హెచ్.ఓ. పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. అవి అమెరికాలో, యూరప్‌లో వాడే 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతాయి. బోర్డు రేకు మీద అక్షరం కూడా తప్పు పోకూడదని పట్టుబట్టిన నా గుంటూరు ఇన్నాళ్ళూ అమెరికా పట్టాల మీదే నడిచింది. అది నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, అబ్బాయిని మాత్రం కొలతకు సరిపోలేదని తప్పుపట్టాను.

సెప్టెంబరులో పీకాం. కంకరను తెల్ల జిగురుతో అతికించి ఉంటే పట్టాలను పాడవకుండా తీయవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి చల్లి, పావుగంట ఆగితే జిగురు పాలలా తెల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు పుట్టీ కత్తిని పట్టాల కింద పడుకోబెట్టి నెమ్మదిగా లేపాలి. నీళ్ళు చల్లే పని అమ్మాయిది. మిర్చి యార్డు తడిసినప్పుడు ఎరుపంతా కరిగి ఆమె వేళ్ళకు అంటుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుని నా ముఖం చూసింది. "ముట్టుకో తల్లీ, ఏం కాదు," అన్నాను. ఆ బల్ల దగ్గర ఆ మాట అనడం అదే మొదటిసారి. బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్లన్నీ బాగానే వచ్చాయి. వంతెన రాలేదు, విరిగింది.

కొత్తది రెండు గోడల వెంబడి, పదహారంగుళాల వెడల్పున, అమ్మాయి నడుము ఎత్తులో ఉంది. ఒకటే లైను, చివర ఒక్కో స్టేషను. ఒక చివర మేమున్న ఊరు, అబ్బాయి పట్టుదల అది. రెండో చివర దొనకొండ. తాతయ్య పనిచేసిన ఊళ్ళ పేర్లలో అమ్మాయికి పలకడానికి నచ్చిన పేరు. ఒహాయో నుంచి దొనకొండకు రైలేమిటని నేను అడగలేదు. చెట్లు లేవు, ఇళ్ళు లేవు, ప్లైవుడ్ ఇంకా అలాగే కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే, అంటే గుంటూరులో సాయంత్రం, నాన్నకు ఫోను చేసి గోడకు ఆనిస్తాం. వీళ్ళ ఇంగ్లీషు ఆయనకు అందదు కాబట్టి లైన్ క్లియర్, అంటే బండి వదలడానికి అవతలి స్టేషను ఒప్పుకోలు, అడగడం, ఇవ్వడం తెలుగులోనే.

"బండి వదిలాను తాతయ్యా," అన్నాడు అబ్బాయి మొన్న.

"నిమ్మకాయ ఎవరి దగ్గరుంది?"

దొనకొండ నుంచి అమ్మాయి చెయ్యెత్తి ఫోనుకు చూపించింది. "నా దగ్గరే ఉంది తాతయ్యా! నేను ఇంకా ఇవ్వలేదు."

అబ్బాయి ఏమీ మాట్లాడకుండా బండిని వెనక్కి నడిపించి ప్లాట్‌ఫారం దగ్గర ఆపాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి లైన్ క్లియర్ అడిగాడు.