మా ఆవిడ ఎమ్మారై: గుంటూరులో నా అనుభవం

నిన్న రాత్రే గుంటూరు నుంచి తెనాలి వచ్చాం. మనసు ఇంకా మండుతూనే ఉంది.

మా ఆవిడకి మెదడులో గడ్డ. ఆపరేషన్లో తీయగా మిగిలినదానికి రేడియేషన్ పెట్టాలన్నారు. దానికి ముందు కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో (బొమ్మలో గడ్డ తేటగా కనబడేలా చేసే మందు) ఎమ్మారై. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్ళాం కాబట్టి అక్కడ ఆలస్యం కాలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఆ మందు ఎక్కించడానికి జంకుతారు, మీరూ ఆ పరీక్ష ముందే చేయించుకోండి.

అసలు గొడవంతా కొత్తపేటలో స్కానింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర. నిండుగా జనమున్న హాల్లో ఆ కుర్రాడు "మెడలోవి, కాళ్ళవి తీసెయ్యమ్మా, లేకపోతే నీ నంబరు పోద్ది" అని అరిచాడు. మా ఆవిడ నా వంక చూసి "ఏమండీ, మీరు ఎదురుగా ఉండగా పుస్తెలతాడు ఎట్టా తియ్యను?" అని ఏడ్చింది. పక్కనున్న ఓ పెద్దావిడ పసుపుకొమ్ము, దారం కొనుక్కురమ్మంది. 35 ఏళ్ళ తర్వాత మళ్ళీ, ఆ వరండాలో, నా చేత్తో కట్టాను. మెట్టెలు మాత్రం రాలేదు. కాళ్ళు వాచి ఉన్నాయి, సబ్బునీళ్ళు పోసినా కదల్లేదు. పెళ్ళినాడు నేను తొడిగిన మెట్టెల్ని సందులో కంసాలి చేత కత్తిరించాల్సి వచ్చింది. ఈలోగా మా నంబరు దాటేసి, సాయంత్రందాకా కూర్చోబెట్టారు.

వెండి అయస్కాంతానికి అంటుకోదు. అయినా ఆ మిషన్ రేడియో తరంగాలకి లోహం వేడెక్కి చర్మం కాలొచ్చు. ఈ ముక్క ఫోన్లో చెప్పుంటే ఇంట్లోనే తీసేసి వచ్చేవాళ్ళం. జబ్బుమనిషితో మాట్లాడటం రానివాణ్ణి కౌంటర్లో కూర్చోబెట్టడం పాపం.

లోపల టెక్నీషియన్ బంగారంలాంటి మనిషి. 60 కిలోలకి 12 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ మందు, అంటే గాడోలినియం ఉన్న మందు, ఎక్కించి, ముందూ వెనకా తీసిన బొమ్మలు చూపించాడు. మిషన్ తరంగాలకి కదిలిన నీటి అణువులు మందు చేరినచోట త్వరగా తేరుకుంటాయి, అందుకే తెల్లగా మెరుస్తుంది. వెంటవెంటనే బొమ్మలు తీస్తూ పోతే, ఆ మెరుపు పెరిగిన తీరునుబట్టి ఎక్కడ ఎంత మందు చేరిందో లెక్క కట్టొచ్చట, ముక్క కోయకుండానే. ఆరోగ్యంగా ఉన్న మెదడు ఆ మందుని లోపలికి రానివ్వదు, గడ్డలోకి మాత్రం కారుతుంది. ఆ అంచు చూసే డాక్టరుగారు రేడియేషన్ గీత గీస్తారు.

నేను ఇంటర్ పిల్లలకి 30 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక డాక్టరుగారిని బోరాన్ వైద్యం గురించి అడిగాను. గడ్డలోకి బోరాన్ మందు పంపి న్యూట్రాన్లు కొడతారు, ఆ దెబ్బకి బోరాన్ పగిలి గడ్డ కణాల్ని చంపుతుంది. జపాన్‌లో 2020లో తల, మెడ క్యాన్సర్లకి అనుమతిచ్చారు. ఈ వైద్యంలో గడ్డలో బోరాన్ ఎంతుందో తెలియడమే ప్రాణం. మామూలుగా రక్తం తీసి అంచనా వేస్తారు. బోరాన్‌కి గాడోలినియం జతచేసి ఎమ్మారైతోనే కొలవాలని పరిశోధనలు జరుగుతున్నాయట. విని సంతోషం వేసింది.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టే మాస్కు చేయడం సులువుగానే అయింది: వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని ముఖానికి అద్దారు, అంతే. సోమవారం నుంచి 30 సిట్టింగులు, వారానికి 5 రోజులు. అవన్నీ అయ్యేదాకా పసుపుతాడే ఉంచుకుంటానంది మా ఆవిడ.