127 దాకా సాఫీగా నడిచి, 128 కాడ ఆగిపోయే ప్రోగ్రాం

మిర్యాలగూడలో మా బావ వాళ్ల రైస్ మిల్లులో గేటు టోకెన్‌కీ కాంటా చీటీకీ జత కలిపే చిన్న జావా ప్రోగ్రాం ఒకటి ఉంది. ఎవరో రాసిచ్చి వెళ్లిపోయారు, బాగు చేసే పని నాకు తగిలింది. సీజన్ లేనప్పుడు దానికి ఏ రోగమూ ఉండదు. యాసంగి కోతలు ఊపందుకుని వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడితే మాత్రం మధ్యాహ్నం దాటాక "టోకెన్ సరిపోలలేదు" అని మొరాయించేది, తెల్లారితే మళ్లీ మామూలే. కాంటా దగ్గర కూర్చునే పిల్లోడు "వైరస్ పట్టినట్టుంది, ఫార్మాట్ కొట్టరాదే అన్నా" అని ఒకటే గోల.

లాగ్ తీసి చూస్తే ఆగినవన్నీ 128, ఆ పై టోకెన్లే. టోకెన్లు రోజూ ఒకటి నుంచే మొదలు కాబట్టి పొద్దున ఏమీ తెలిసేది కాదు. ఆ అంకె చూశాక వైరస్ మాట పక్కన పెట్టి కోడ్ తెరిచాను. రెండు వైపులా టోకెన్ నంబరు ఇంట్, అంటే ఉత్త అంకె కాదు, ఇంటీజర్ ఆబ్జెక్టు, అంటే అంకెను లోపల పెట్టుకున్న డబ్బా లాంటిది. పోల్చిందేమో డబుల్ ఈక్వల్స్ (==) గుర్తుతో. ఆబ్జెక్టుల మధ్య ఆ గుర్తు విలువ చూడదు, రెండూ మెమరీలో ఒకే ఆబ్జెక్టా కాదా అన్నదే చూస్తుంది. గేటు చీటీ మీదా 130, కాంటా చీటీ మీదా 130 ఉన్నా కాగితాలు రెండు కదా, అట్లా. మరి 127 దాకా ఎట్లా నడిచిందంటే, జావా -128 నుంచి 127 వరకు ఇంటీజర్లను దాచిపెట్టుకుని, ఆటోబాక్సింగ్‌లో, అంటే ఉత్త అంకెను తనే ఆబ్జెక్టుగా మార్చేటప్పుడు, ఎన్నిసార్లు అడిగినా అదే ఆబ్జెక్టు ఇస్తుంది. ఆ పైన మామూలుగా ప్రతిసారీ కొత్తది. నన్నడిగితే ఒకటో టోకెన్‌కే ఫెయిలయ్యుంటే నయం, రాసినాయన అక్కడే పట్టుకునేవాడు.

విలువలను పోల్చే ఈక్వల్స్ మెథడ్ పెడితే సరిపోతుంది గానీ, టోకెన్ లేకుండా వచ్చే బండ్లకు నల్, అంటే ఖాళీ వస్తుంది, నల్ మీద ఆ మెథడ్ పిలిస్తే ప్రోగ్రామే పడిపోతుంది. అందుకని నల్ వచ్చినా పడిపోకుండా పోల్చే ఆబ్జెక్ట్స్ డాట్ ఈక్వల్స్ వాడాను. పనిలో పనిగా టోకెన్ క్లాసు చూస్తే ఈక్వల్స్ రాసి, ఆబ్జెక్టును వెతకడానికి వాడే అంకె ఇచ్చే హ్యాష్‌కోడ్ వదిలేశారు, దాంతో ఒక్కోటి ఒక్కసారే ఉండాల్సిన హ్యాష్‌సెట్‌లో ఒకే టోకెన్ రెండుసార్లు ఎక్కి కూర్చుంటోంది. సమానమైన రెండు ఆబ్జెక్టుల హ్యాష్‌కోడ్ ఒకటే రావాలి, అదీ రాశాను.

ఇంతలో వడ్ల తేమ శాతం దగ్గరా ఇదే పోలిక గొడవ. అది దశాంశాలను కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్‌లో ఉంది, అక్కడ ఈక్వల్స్‌నీ నమ్మడానికి లేదు, 17.0కీ 17.00కీ తేడా ఉందంటుంది, ఎందుకంటే చుక్క తర్వాత ఎన్ని అంకెలున్నాయో కూడా లెక్కేస్తుంది. అక్కడ విలువ ఒక్కటే చూసే కంపేర్‌టు పెట్టి, సున్నా వస్తే సమానం అని రాసి మిల్లుకు పంపాను.